చిన్నమ్మ వాటా

నా చిన్నప్పుడు మా వీధిలోవాళ్లకు దొంగలంటే లేని భయం ఊరికే వచ్చే పైసలంటే ఉండేది. సుల్తానాబాద్‌లో మా ఇంటి పక్కన వరసగా సాంచాల ఇళ్లు. మరమగ్గాలను మావైపు సాంచాలనే అంటాం. నూలు ఇచ్చి బట్ట నేయించుకునే ఆసామి పెళ్లికో రోగానికో ముందుగా కొంత చేతిలో పెట్టేవాడు, దాన్ని అడ్వాన్సు అనేవాళ్లు. అది తీరేదాకా ఆ ఇంటివాళ్లు ఇంకొకరి దగ్గర పనికి పోకూడదు, కూలి తక్కువైందని నోరెత్తకూడదు. అందుకే పని చేయకముందే పైసలు చేతికొస్తే వాళ్లకు గుండె గుభేలుమనేది. అదేం తెలివితక్కువతనమని నవ్వేవాళ్లు ఎప్పుడూ అడ్వాన్సు తీసుకుని ఉండరు.

పక్కింటి చిన్నమ్మ ఆ సాంచాలకు నూలు కండెలు చుట్టేది. ఆమె భర్తను నేను చిన్నాయన అనేదాన్ని. ఆయన బొంబాయిలో ఒక బట్టల సేటు దగ్గర పనిచేసేవాడు. సేటు చెప్పిన మాట మీద నమ్మకంతో, తిని మిగిల్చుకున్న పైసలు పెట్టి ఒక కంపెనీ షేర్లు కొన్నాడు, అవి కూడా చిన్నమ్మ పేరు మీదే కొన్నాడు. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పేలోపు జ్వరం తగిలి అక్కడే పోయాడు. ఊరికి ఆయన పెట్టె ఒక్కటే వచ్చింది. అందులో బట్టల అడుగున ఆ షేర్ల కాగితాలున్నాయి.

ఆ తర్వాత ఏడాదికొకసారి చిన్నమ్మ పేరున డివిడెండు చెక్కు పోస్టులో రావడం మొదలైంది. పెద్ద మొత్తమేం కాదు గానీ ఆ ఇంటికి కొన్నాళ్లు బియ్యానికి సరిపోయేది. చిన్నమ్మ మాత్రం దాన్ని తేలును చూసినట్టు చూసి పోస్టుమ్యాన్‌కే తిరిగిచ్చేది.

"గా కంపినోడు ఎవ్వడో నేనెరుగ. పని చెయ్యంగనే సరిగ్గ కూలియ్యరు, పని చెయ్యకుంట పైసలెవ్వడిస్తడు? రేపు అసలుకు మిత్తి గలిపి అడుగుతె నేనేడికెల్లి తేవాలె?" అనేది.

ఆమె బిడ్డ, నేను ఒకే తరగతి. ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం. ఆ ఎండాకాలం సెలవుల్లో ఆ పిల్ల నాకు ఏడుస్తూ చెప్పింది, ఇక బడి బంద్ అని, తల్లితో పాటు కండెలు చుట్టాలని. ఇంకో సంగతి కూడా చెప్పింది. కరీంనగర్‌లో ఉండే చిన్నమ్మ మరిది ఆదివారం వచ్చి ఆ కాగితాలు తీసుకుపోతాడట, ఎంతకో అంతకు అమ్మేసి ఆ పీడ వదిలిస్తాడట. ఆయన చెడ్డవాడు కాదు. వదిన పరేషాన్ చూడలేకే ఆ మాట అన్నాడు. కానీ కాగితాలు అమ్మిన డబ్బు ఒక్కసారికి ఖర్చయిపోతుంది, ఆ తర్వాత ఆ పిల్ల బడి ముఖం చూడదు. అది నాకు కూడా అర్థమైంది. నేను ఇంటికి పరుగెత్తి మా తాతకు చెప్పేశాను.

మా తాతకు ఒక చిన్న మేకల మంద ఉండేది. షేర్లంటే ఏమిటో ఆయనకూ తెలియదు. ధోవతి మార్చుకుని బ్యాంకుకు పోయి అక్కడి పెద్దసారును అడిగాడు. ఆ సారు ఓపికగా కూర్చోబెట్టి చెప్పాడట. అది అప్పు కాదని, కంపెనీలో ఆమెది ఒక వాటా అని, లాభం వచ్చినప్పుడు ఆ వాటాకు తగ్గట్టు పంచుతారని. తాత ఇంటికొచ్చి అన్నం తింటూ ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆయన ఆలోచన మొదలుపెడితే కూరలో ఉప్పు లేకపోయినా తెలిసేది కాదు.

మర్నాడు పొద్దున్నే ఒక మేకపిల్లను భుజాన వేసుకుని చిన్నమ్మ వాకిట్లోకి పోయాడు. వెనకే నేను. గుంజకు దాన్ని కట్టేసి, "గిది నీది బిడ్డా" అన్నాడు.

చిన్నమ్మ కండెల దగ్గర నుంచి లేచి, "నాకెందుకు మామా? నేను దీనికేడ పైసలియ్యాలె?" అంది.

"పైసల ఫికరెందుకు? మీ ఆయన బొంబాయి పోయేముందు ఓ మేకను కొని నా మందల ఇడిసిండు. పాలుకు మేపుతున్న. గిది నీ వంతుకొచ్చిన పిల్ల."

మావైపు ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. ఒకరు మేకను కొని కాపరి దగ్గర వదులుతారు. పుట్టిన పిల్లల్లో కొన్నవాళ్లకు సగం, మేపినవాళ్లకు సగం. అయితే చిన్నాయన మా మందలో మేకను వదలడమన్నది వట్టి మాట. మందలో ప్రతి మేకా నాకు తెలుసు. ఆ మాట చెప్పబోయి నోరు తెరిచానో లేదో, తాత నన్ను మంచినీళ్లు తెమ్మని పంపేశాడు.

నీళ్లు తెచ్చేసరికి చిన్నమ్మ మేకపిల్లను ఒళ్లోకి తీసుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. తాత ఆమెను కాసేపు ఏడవనిచ్చి, నెమ్మదిగా అడిగాడు.

"రేపు గీ పిల్లకు మిత్తి గట్టుమని నేనడుగుతనా?"

"మేక నాదాయె. నువ్వెందుకడుగుతవ్ మామా?"

"గా కంపిని గూడ గంతే బిడ్డా. ఆడ గూడ మీ ఆయన నీ పేరు మీద ఓ మేకను ఇడిసిండు. మేపెటోడు మేపుతుండు, ఏడాదికి నీ వంతు పంపుతుండు. నువ్వేమో వచ్చిన పిల్లను ఎల్లగొడుతున్నవ్, మేకనే అమ్ముతనంటున్నవ్."

చిన్నమ్మ ఆ కాగితాలను మళ్లీ పెట్టె అడుగునే దాచింది. ఆదివారం మరిది వచ్చాడు, కడుపునిండా తిన్నాడు, ఉత్తచేతులతో తిరిగిపోయాడు. తర్వాత వచ్చిన చెక్కును చిన్నమ్మ తాత వెంట పోయి బ్యాంకులో వేసింది. బడి తెరిచిన రోజున ఆమె బిడ్డ మళ్లీ నా పక్కనే కూర్చుంది. నాకు ఆ రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

తాత ఆమెకు జాగ్రత్తలు కూడా చెప్పాడు. ఒక్కో ఏడు మేక ఈనదని, రోగమొచ్చి చచ్చే మేకలూ ఉంటాయని, అందుకే అన్నింటినీ ఒకే కాపరి దగ్గర ఉంచొద్దని. చిన్నమ్మ అవన్నీ పట్టించుకుంది. వచ్చినదాంట్లో కొంత తిండికి వాడుకుని, మిగిలినదానితో బ్యాంకు సారు సాయంతో ఇంకో రెండు కంపెనీల్లో షేర్లు కొంది. ఒక కంపెనీ ఒక ఏడు ఏమీ పంపకపోతే, "గీ ఏడు మేక ఈనలే" అని ఊరుకుంది. కానీ మొత్తం మీద ఆమెకొచ్చే వంతు ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. బిడ్డ చదువు ఆగలేదు, నర్సు ఉద్యోగం కూడా వచ్చింది.

నేను టీచరునై జీతం అందుకుంటున్న రోజుల్లో, తాత కూడా పోయాక, ఆ మేక సంగతి అబద్ధమని చిన్నమ్మకు మెల్లగా చెప్పబోయాను. ఆమె పడీపడీ నవ్వింది.

"నాకు గా దినమే ఎరుక బిడ్డా. మీ చిన్నాయనకు మేకలంటె భయం, ఆయనేడ కొంటడు? గని ముసలాయన గంత తిప్పలవడి అబద్ధమాడుతుంటె, నా కోసం ఏదో నిజం చెప్తుండనుకున్న."

చిన్నమ్మ ఇప్పుడు లేదు. ఆ షేర్లు ఆమె బిడ్డ పేరు మీదికి వచ్చాయి. తండ్రి ముఖం సరిగా గుర్తులేని మనిషి తను. అయినా ఏటా ఆ డబ్బు ఖాతాలో పడ్డ రోజున నాకు ఫోన్ చేసి, "మా బాపు పైసలు పంపిండే" అంటుంది.

నేను కూడా నా జీతంలోంచి కొద్దికొద్దిగా అలాంటి షేర్లే కొంటూ వచ్చాను, వచ్చిన డివిడెండులో కొంత మళ్లీ వాటిలోనే పెడుతున్నాను. ధర ఇవాళ ఎంత, రేపు ఎంత అని మావాళ్లు ఫోన్లలో చూసి కంగారు పడుతుంటే నాకు చిన్నమ్మ గుర్తొస్తుంది. నేను పోయాక నా వంతు నా మనవరాలికి చేరాలి. ఇది ఎవరికి బాకీయో అని ఆ పిల్ల భయపడకూడదు. మా నాయనమ్మ పంపిందని తలెత్తుకుని తీసుకోవాలి.