ఊపిరి అక్కర్లేని సన్నాయి

ఎలక్ట్రానిక్ సంగీతానికి సొంత భాష ఉందా అని నన్ను మొదట నిలదీసినవాడు మా అన్నయ్య. ఆయనది సన్నాయి, నాది కీబోర్డు. ఆయన కైకలూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకు మేళం కట్టేవాడు. నేను తాడేపల్లిగూడెంలో ఒక ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ణి. కలిసినప్పుడల్లా నా కీబోర్డును చూసి నవ్వేవాడు.

"వీణంటావు, వేణువంటావు, ఆఖరికి నా సన్నాయి కూడా అంటావు. దీనికంటూ ఓ మాట లేదేంట్రా? అన్నీ అరువు గొంతులేనా?"

నాకు ఒళ్లు మండేది. ఓసారి పంతం కొద్దీ, వాళ్లింటి వెనక రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు రికార్డు చేసి, దాన్ని సాగదీసి, మెలిపెట్టి, ఓ బాణీ కట్టాను. ఏ గొంతూ ఏ తీగా పలకలేని ధ్వని అది. అన్నయ్య కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"బావుందిరా. ఎవరిలాగానూ లేదు," అన్నాడు. కళ్లు తెరిచి, "ఇంతకీ దీంతో ఎవరి పెళ్లి చేస్తావు?" అన్నాడు. వంటింట్లోంచి వదిన పకపకా నవ్వింది.

"నీకు ఊపిరి అయిపోద్ది, దీనికి అవ్వదు. వేలు తీసేదాకా స్వరం ఆగదు. అదే దీని భాష," అన్నాను ఉక్రోషంగా. అప్పట్లో నిజంగానే అలా నమ్మాను.

తర్వాత ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. మేళం మధ్యలో సన్నాయి దించేసి రొప్పుతూ కూర్చునేవాడు. ఇక ఎక్కువ కాలం ఊదలేనని తెలిశాక తనే నన్ను పిలిపించాడు. గదిలో ఫ్యాను ఆపించి, ఒక్కో స్వరం ఊదుతూ, మధ్యమధ్య దిండుకు ఆనుకుంటూ, తన సన్నాయిని రికార్డు చేయించి నా కీబోర్డు మీటల్లోకి ఎక్కించాడు.

"అమ్మాయి పెళ్లికి గట్టిమేళం నాదే ఉండాలిరా," అన్నాడు.

ఎందరి పిల్లలకో తాళి కట్టే వేళ గట్టిమేళం వాయించినవాడు, సొంత కూతురి పెళ్లి చూడకుండానే పోయాడు. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

మొన్న ఆ పిల్ల పెళ్లి జరిగింది. ముందురోజు ఉదయం వాళ్లింట్లో కీబోర్డు సరిచూసుకుంటూ ఒక మీట నొక్కాను. అన్నయ్య పలికాడు. వేలు తియ్యబుద్ధి కాలేదు. తీస్తే మళ్లీ పోతాడేమోనని భయమేసింది. స్వరం ఎక్కడా తడబడకుండా అలా సాగుతూనే ఉంది.

పులిహోర కలుపుతున్న వదిన పసుపు చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కంగారు పడుతోంది.

"అంతసేపు లాగకండి మరిదిగారూ. ఆయనకి ఆయాసం వస్తుంది," అంది.

చటుక్కున వేలు తీసేశాను. మర్నాడు గట్టిమేళంలో, అన్నయ్య ఊపిరి పీల్చుకునే చోటల్లా ఆగుతూ వాయించాను.