నాన్న చెట్ల మీద కత్తి

రెడ్డిగూడెం దగ్గర పదెకరాల చిన్నరసాల మామిడి తోట లక్ష్మీనరసింహారావుది. తోటకు ఎవరొచ్చినా ముందు నీడ చూపిస్తాడు. "మిట్టమధ్యాహ్నం కూడా ఎండ పొడ పడదండీ. నాన్నగారు నాటిన చెట్లు. వీటి మీద కత్తి పెట్టలేదు, పెట్టను" అంటాడు. వచ్చినవాళ్ళు భక్తిగా తల ఊపుతారు. కాయలెక్కడున్నాయని ఎవరూ అడగరు.

కాయలు పైనున్నాయి. నీడ పడ్డ కొమ్మ కాయదు. చెట్లు ఎండ కోసం ఏటా జానెడో మూరెడో పైకి పోయాయి, కాపు వాటి వెంట పోయింది. కాయ కోసే గెడ అందకపోతే కోత కూలీ ఇన్నయ్య దాని మొదట్లో ఓ వెదురు ముక్క జోడించి కట్టాడు. మరుసటేడు మరో ముక్క. గెడ బరువెక్కాక పట్టడానికి ఇద్దరయ్యారు. అదీ చాలక ఇన్నయ్య గెడతో సహా చెట్టెక్కడం మొదలుపెట్టాడు. రావు భార్య పుష్పవతి ఒకప్పుడు చెట్ల మధ్య ఎండలో తాండ్ర ఆరబెట్టేది; చాపను ఏటా కాస్త జరిపి జరిపి చివరికి మేడ మీదికి చేర్చింది. ఎవరికీ ఏమీ కనపడలేదని కాదు. కనపడ్డ ప్రతిసారీ ఓ చిన్న సర్దుబాటు చేసుకుని, తెలివిగా గట్టెక్కామని మురిసిపోయారు.

ఈ మే నెలలో, కాయ దించుతున్న రెండోరోజు పొద్దున, ఇన్నయ్య గెడను నేల మీద పడేశాడు.

"నేనెక్కనండీ."

"ఏంట్రా?"

"నిన్న పైకొమ్మ మీద కాలు జారింది. పట్టు దొరక్కపోతే ఈపాటికి మావాళ్ళు శవపెట్టె కొనేవాళ్ళు."

"ముసలాడినైపోయానని చెప్పు, సిగ్గెందుకు?"

"నాకూ అరవయ్యే, మీకూ అరవయ్యే. పోనీ మీరెక్కండి, చూస్తాం."

కూలీలు నవ్వు దాచుకోలేదు. వాళ్ళలో సవరమ్మయితే బుట్ట బోర్లించి, తీరిగ్గా చూడ్డానికి దాని మీద కూర్చుంది.

రావు ముఖం కందిపోయింది. "ముప్ఫై ఏళ్ళుగా కోస్తున్న చెట్లేగా! ఇవాళ ఎత్తయ్యాయా?"

"ఇవాళ కాదండీ. పెద్దాయన కోతైన వారానికల్లా లోపలికి ఎండ దిగేలా నా చేత నడిమి కొమ్మలు కొట్టించేవారు. ఆయన పోయిన ఏడు మైల అని మీరు కొట్టించలేదు. మరుసటేడు నేనడిగితే, నాన్న చెట్ల మీద కత్తి పెట్టనన్నారు."

"నాన్న కొట్టించారా? ఎవరికి చెబుతున్నావ్?"

"కొట్టించారండీ," అంది పుష్పవతి వెనక నుంచి. "ఆ పుల్లలు పొయ్యిలో పెట్టి మీకు వండింది నేనేగా!"

కత్తి పట్టించిన తండ్రిని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు రావు. గోడ మీద దండ వేసిన ఫొటో తప్ప ఏమీ రాలేదు. ఓ ఏడు తప్పిపోయిన పని, పద్దెనిమిదేళ్ళలో వంశాచారమై కూర్చుంది.

"సరే, కాయ దించి కొట్టు."

"అప్పుడవి చేతికర్ర లావుండేవండీ. ఇప్పుడు నా నడుమంత. రంపం మిషన్ తేవాలి. కొట్టాక రెండు మూడేళ్ళు కాపు మాట మర్చిపోవాలి."

"మూడేళ్ళా!" రావు గొంతు లేచింది. "అదంతా వచ్చే ఏడు చూద్దాంలే. ముందు చెట్టెక్కు."

ఇన్నయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇదే మాట పోయినేడూ అన్నారండీ" అని నడిచాడు. సవరమ్మ లేచింది. మిగతావాళ్ళూ లేచారు.

మర్నాడు జి. కొండూరు నుంచి పిలిపించిన కోత మనుషులు తలలెత్తి చూశారు. "వీటికి మనుషులు కాదండీ, కోతులు కావాలి" అన్నాడొకడు. దిగిన ఆటోలోనే వెళ్ళిపోయారు.

నాలుగోరోజు నుంచి కాయలు పైనే పండి, వాటంతటవే రాలడం మొదలైంది. అంత ఎత్తునుంచి పడి ఒక్కటీ నిలవలేదు, పగిలి రసం కక్కాయి. పుష్పవతి ఈగల మధ్య కూర్చుని దక్కినంత గిన్నెలోకి తోడుతోంది.

"పాడు గాలి! పంటంతా నేలపాలు చేసింది" అని దారినపోయే వాళ్ళకు చెబుతున్నాడు రావు.

ఆ వారమంతా ఆ తోటలో ఆకు కదల్లేదు.