తూర్పుకు తిప్పితే వెలిగిన దీపం

దయ్యాలున్నాయనే వాళ్ళతో నేనెప్పుడూ వాదించలేదు. వాదించాలంటే అక్కడ తేల్చుకోవలసినదేదో ఉందని ముందు ఒప్పుకోవాలి. నేను అంత దూరం కూడా వెళ్ళలేదు. పెళ్ళయిన మరుసటి ఏడాది సిరిసిల్ల పక్క పల్లె నుంచి సూరత్ వచ్చాను. మా ఆయన మరమగ్గాల కార్ఖానా నడిపినన్నాళ్ళూ లెక్కలు నేనే చూశాను. లెక్కలో తేడా వచ్చిందంటే ఎక్కడో ఒక మనిషి పొరపాటు ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది. డెబ్బై రెండేళ్ళు వచ్చేదాకా నాకు దొరకని తేడా లేదు.

ఇది మా బండి సంగతి. ఏడు సీట్ల వ్యాను. పెట్రోలు మీదా గ్యాసు మీదా నడుస్తుంది. మా అబ్బాయి శ్రీనివాస్ దాన్ని పాతదిగానే కొన్నాడు. ఇక్కడి మా తెలుగువాళ్ళను కిరాయికి స్టేషనుకు, ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకు, ఊళ్ళకు తిప్పుతుంటాడు. మా ఇల్లు దాని మీదే నడుస్తుంది కనుక దాని బాగోగులు నేను కనిపెట్టుకుని ఉంటాను.

కొనాలనుకునేవాళ్ళు అడిగితే ఇప్పటికీ ఇదే చెబుతాను. ఎండాకాలంలో వెనక వరుసకు చల్లగాలి అందదు. నిండా మనుషులతో ఘాట్ ఎక్కేటప్పుడు గ్యాసు మీద లాగదు, పెట్రోలుకు మార్చాలి. క్లచ్ ప్లేట్లు ఒకసారి వేయించాం, ముందు చక్రాల బుష్‌లు రెండుసార్లు. బ్యాటరీ ఎవరికైనా మార్చవలసిందే. ఇవి తప్ప దారి మధ్యలో మమ్మల్ని దించిన రోజు లేదు. పక్కకు జరిగే తలుపు సరిగా పడకపోతే డ్రైవరు ఎదురుగా ఒక ఎర్ర దీపం వెలిగి, బీప్ బీప్‌మని మోగుతుంది. ఆ దీపం కూడా అన్నేళ్ళలో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

రాజేశం నాకు వరుసకు మరిది. పాండేసరలో మగ్గం పని. ఇరవై ఎనిమిదేళ్ళు సూరత్‌లోనే ఉన్నాడు. భార్య బాలమణి సొంతూళ్ళోనే ఉండి బీడీలు చేస్తూ ఒక్క కూతురు లతను పెంచి పెళ్ళి చేసింది. ఏడాదికి ఒకసారి అతను వెళ్ళి పదిహేను రోజులుండి వచ్చేవాడు. ఆమె సూరత్ ఎప్పుడూ రాలేదు. ఆరుగురు మగవాళ్ళుండే గదికి పెళ్ళాన్ని ఎట్లా తెస్తానని అతను, వచ్చే ఏడు నేనే వచ్చేస్తానని మళ్ళీ అతనే. ఆ వచ్చే ఏడు అట్లా జరుగుతూ పోయింది.

మొన్న మాఘమాసంలో పొద్దుటి షిఫ్టులో మగ్గం దగ్గరే కూలబడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదు. గుండె అన్నారు.

బాలమణి రైలు దిగేదాకా అంత్యక్రియలు ఆపాం. ఆమె మొదట అడిగింది ఒక్కటే, శవాన్ని ఊరికి తీసుకుపోదామని. అప్పటికే ఆలస్యమైంది, అంత దూరం వద్దన్నారు. ఇక్కడే దహనం చేశాం. కొడుకు వరుస గనుక మా శ్రీనివాసే నిప్పు పెట్టాడు.

"మనిషినైతే ఇయ్యలేదు, బూడిదనన్న ఇయ్యుండ్రి" అంది బాలమణి. ధర్మపురి గోదావరిలో కలపాలని, ఆయన్ను ఈసారైనా ఇంటివైపు తీసుకుపోవాలని. కూతురు నిండు గర్భిణి, ఇంత దూరం రాలేదు. బంధువులు ధర్మపురిలో ఎదురుచూస్తామన్నారు. నేను, బాలమణి, శ్రీనివాస్ తెల్లవారుతూనే బయలుదేరాం.

మా అత్తగారి కాలం నుంచి మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. అస్థికలు తీసుకుపోయేటప్పుడు పోయినవాళ్ళతో మాట్లాడుతూ పోవాలి. బండి ఎక్కితే ఎక్కమని, దిగితే దిగమని, ఏరు దాటితే దాటుతున్నామని చెప్పాలి. లేకపోతే దారిలో ఉండిపోతారంటారు. అత్తగారు చెప్పారు గనుక చేస్తాం, అంతకుమించి నేను ఆలోచించలేదు. బాలమణి భర్త పేరు నోట పలకదు. "లత బాపూ" అనే పిలిచేది. గుడ్డ కట్టిన కుండను ఒళ్ళో పెట్టుకుని తలుపు పక్క సీట్లో కూర్చుంది. బార్డోలి దాటేటప్పుడు చెప్పింది, వ్యారా దాటేటప్పుడు చెప్పింది. "ఇంకెంత దూరమో అని అడుగకు, నిన్ను నిద్రపొమ్మంటున్న" అని కూడా అంది.

నవాపూర్ దాటాక ఒక హోటలు ముందు ఆగాం. "దిగు లత బాపూ, చాయ్ తాగుదాం" అని దిగింది. కుండను నేల మీద పెట్టకూడదు కనుక చేతుల్లోనే పట్టుకుంది, ఆమె గ్లాసు నేను పట్టుకున్నాను. ఎక్కే సమయానికి లత ఫోను చేసింది. మాట్లాడుతూనే ఎక్కింది. శ్రీనివాస్ తలుపు లాగి వేశాడు, అది పడిన చప్పుడు నేను విన్నాను.

రెండు కిలోమీటర్లు కూడా పోలేదు, ఎర్ర దీపం వెలిగింది. బీప్ మొదలైంది.

శ్రీనివాస్ ఆపి తలుపు తీసి గట్టిగా వేశాడు. కదలగానే మళ్ళీ వెలిగింది. అలా నాలుగైదుసార్లు చేశాడు. విసర్వాడిలో ఒక మెకానిక్‌కు చూపించాం. అతను తలుపు గొళ్ళెం దగ్గరి చిన్న స్విచ్ విప్పి తుడిచి బిగించాడు. "స్విచ్ బరాబర్ హై భాయ్" అన్నాడు, అందులో తప్పేమీ లేదని. దీపం ఆరలేదు. చివరికి ఆ స్విచ్‌కు వచ్చే తీగనే ఊడదీసి, దాని కొనకు టేపు చుట్టాడు. ఇక వెలగడానికి దారే లేదన్నాడు. అతని దుకాణం ముందు ఇంజను వేసి చూశాం, వెలగలేదు.

కొండాయిబారి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే వెలిగింది.

ఒక విశాలమైన చోట బండి పక్కకు తీశాడు. బీప్ మోగుతూనే ఉంది. అప్పుడు బాలమణి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, చాయ్ తాగినకాడ ఎక్కుమని చెప్పలే నేను. ఫోన్ల పడి ఎక్కిన. ఆయన ఆడనే కూసున్నడు."

శ్రీనివాస్ విసుక్కున్నాడు. "చిన్నమ్మా, తీగ యాడనో ఒరుసుకపోయింది. ఎక్కుడుల తగులుతుంది, గంతే. ధర్మపురిల అందరు ఎదురుసూస్తున్నరు."

"ఎదురుసూడనీ. మనిషిని ఇడిచి కుండ తీస్కపోయి ఏం జేస్త?"

నేను వెనక్కి తిప్పమన్నాను. నమ్మి కాదు. ఆ మనసుతో ఆమె ఇంకో రాత్రీ పగలూ కూర్చోలేదని.

అదే హోటలు ముందు ఆగాం. బాలమణి దిగి, తలుపు బార్లా తీసి నిలబడింది. హోటలువాడు చాయ్‌ల కోసం వచ్చామనుకుని మూడు గ్లాసులు కడిగాడు. "తప్పయింది లత బాపూ, ఎక్కు" అంది. కాసేపు ఆగి తాను ఎక్కింది. తలుపు వేశాం. ఇంజను వేస్తే దీపం లేదు. శ్రీనివాస్ నా వైపు చూశాడు, నేను రోడ్డు వైపు చూశాను.

బండి తూర్పు ముఖంగా రోడ్డెక్కగానే వెలిగింది.

ఇక్కడి నుంచి జరిగింది నేను చేయించిందే కనుక జాగ్రత్తగా చెబుతాను. హోటలు ముందు నేల చదును. ఎక్కుడూ లేదు, దిగుడూ లేదు. బండిని పడమటి ముఖం తిప్పి కొంచెం దూరం నడపమన్నాను. ఆరిపోయింది. తూర్పుకు తిప్పితే వెలిగింది. మళ్ళీ పడమటికి తిప్పితే ఆరింది. అప్పుడు బాలమణిని కుండతో సహా దింపి, ఉత్త బండిని తూర్పుకు నడపమన్నాను. వెలగలేదు. కుండ నేను పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. వెలిగింది. ఆమె లేదు, నేనున్నాను, కుండ ఉంది, వెలిగింది.

బాలమణి రోడ్డు పక్క నిలబడి ఇదంతా చూస్తూ ఉంది. నేను చెప్పవలసిన అవసరం రాలేదు. ఆమె వచ్చి నా చేతుల్లోంచి కుండ తీసుకుని మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"ఏందయ్యా, సచ్చినంక గూడ సూరతేనా నీకు? ఇంటికి రావా?"

నవ్వుతూ అందో ఏడుస్తూ అందో నాకు తెలియదు. హోటలువాడు గ్లాసులు లోపలికి తీసుకుపోయాడు.

లతకు ఫోను చేసింది. ఆ పిల్ల గొంతు మాకూ వినిపించింది. "అమ్మా, నీకేమన్న పిచ్చి లేసిందా? కర్మ చేపిచ్చే అయ్యగారు పొద్దుగాల్నే వస్తనన్నడు, పెదనాయినోళ్ళు అందరు ఒచ్చిండ్రు, ఏం జెప్పాలె నేను?"

"మీ బాపు రానంటుండని చెప్పు బిడ్డా" అంది బాలమణి, ఫోను ఆపేసింది. తర్వాత శ్రీనివాస్‌తో, "తిప్పు" అంది.

సూరత్ చేరేదాకా ఆమె ఒక్క ఊరు పేరూ కుండతో చెప్పలేదు. దీపమూ వెలగలేదు.

మర్నాడు పొద్దున్నే సూరత్‌లోనే తాపీ నదిలో కలిపాం. ధర్మపురికి అది సరిసాటి అని ఎవరూ అనలేదు. నీళ్ళలో వదిలేటప్పుడు ఆమె ఏదన్నా అంటుందేమోనని చూశాను. ఖాళీ కుండను కూడా నీళ్ళలో వదిలి గట్టెక్కింది.

తర్వాత గది చూస్తానంది. వద్దనడానికి నాకు మనసొప్పలేదు. పాండేసరలో రెండో అంతస్తులో గది. పగటి షిఫ్టువాళ్ళు పనికి పోయారు, రాత్రి షిఫ్టువాళ్ళు ఇద్దరు మమ్మల్ని చూసి గబగబా లేచి చాపలు చుట్టారు. రాజేశం మంచం అప్పటికే వేరే అతనికి ఇచ్చారు. గోడ మేకుకు అతని చొక్కా ఒకటి ఉంది. బాలమణి గది నాలుగు మూలలా చూసింది. కిటికీ తీసి బయటికి చూసింది. అవతల బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లు గోడ.

"ఈడ కూసుండి ఏం జేస్తుండె?" అని అడిగింది.

ఇద్దరిలో పెద్దవాడు, మా జిల్లావాడే, తల గోక్కున్నాడు. "ఏం జేస్తడు వదినె, పండుకుంటుండె. ఐతారం నాడు చేపలు వండుతుండె. ఉప్పెక్కువేస్తుండె, మేం తిడుతుంటిమి."

"ఇంట్ల ఒక్కనాడు పొయ్యికాడికి రాలే" అంది ఆమె.

మేకు మీది చొక్కా తీసుకోలేదు. తీసుకోమని వాళ్ళంటే, "ఉండనీయుండ్రి" అంది.

బండిలో స్టేషనుకు పోతున్నప్పుడు నన్ను నేరుగా అడిగింది. "అక్కా, నాకు దాపొద్దు. ఈ ఊర్ల ఆయనకు ఎవరన్న ఉన్నరా?"

శ్రీనివాస్ అద్దంలోంచి నన్ను చూశాడు.

నాకు తెలిసినంతలో ఎవరూ లేరని చెప్పాను. అది నిజం. అయినా ఆమె వెళ్ళాక నా అంతట నేను విచారించాను. గదిలోవాళ్ళను వేరువేరుగా అడిగాను, కార్ఖానాలో అడిగించాను, అతను చాయ్ తాగే చోట కూడా. అందరూ అదే మాట. పని, గది, ఆదివారం చేపలు. ఇరవై ఎనిమిదేళ్ళలో అతను ఎవరింటికైనా పోయాడంటే అది మా ఇంటికే, అదీ ఊరికి పోయే ముందు టిక్కెట్టు చేయించమని చెప్పడానికి.

బండిని శ్రీనివాస్ ఇక్కడి వర్క్‌షాపులో ఇచ్చాడు. డాష్‌బోర్డు విప్పి తీగలన్నీ చూశారు. ఎక్కడా ఒరుసుకుపోలేదు. టేపు చుట్టిన తీగను మళ్ళీ స్విచ్‌కు కలిపారు. ఆ తర్వాత ఆ బండి అదే ఘాట్ మీదుగా ధూలేకు, జాల్నాకు ఎన్నోసార్లు పోయింది. పెళ్ళివాళ్ళను నింపుకుని ఒకసారి ధర్మపురికే పోయింది. తలుపు సరిగా పడనప్పుడు దీపం వెలుగుతుంది, పడితే ఆరుతుంది. ఇప్పటికీ దారిలో దించలేదు. ఎవరన్నా కొంటామంటే మంచి బండి అనే చెబుతాను, ఆ రోజు సంగతి కూడా చెబుతాను. దాచి అమ్మడం నాకు చేతకాదు.

తీగ ఊడదీశాక దీపం ఎట్లా వెలిగిందో నాకు తెలియదు. తూర్పుకు తిప్పితేనే ఎందుకు వెలిగిందో తెలియదు. శ్రీనివాస్ ఇప్పటికీ కరెంటు సంగతి ఎవరు చెప్పగలరంటాడు. కావచ్చు. దాన్ని నేను కొట్టెయ్యను, ఒప్పుకోనూ లేను.

ఆ రోజు స్టేషనులో రైలు వచ్చి ఆగింది. బాలమణి రైలు పెట్టె తలుపు దగ్గర నిలబడి, ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"ఎవరు లేరంటున్నవ్ గద అక్కా?"

"లేరు బాలమణి."

"ఉంటేనే మంచిగుంటుండె" అంది. "గా ఆరుగురి గదికోసమేనా నన్ను కాదన్నడు?"

ఆమె ఎక్కింది, రైలు కదిలిపోయింది.