పిల్లలకోడి నెత్తిమీదున్న సాయంత్రం

నా సర్టిఫికెట్లన్నిటిలో పుట్టినరోజు జూన్ ఒకటి. బడిలో చేర్చుకున్న పెద్దసారు వయసు సరిపోయేలా వేసిన తేదీ అది. మా తరగతిలో సగం మందిమి ఆ రోజే పుట్టాం. అసలు తేదీ అడిగితే బాపు ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: "దీపాలు వెట్టే యాల్ల. పిల్లలకోడి సరిగ్గ నెత్తిమీదుండె."

పిల్లలకోడి అంటే కృత్తికలు, గుంపుగా కనబడే చిన్న చుక్కలు. చిన్నప్పుడు ఆరుబయట మంచాల మీద పడుకుని కోడి వెనక పిల్లలెన్నో లెక్కపెట్టేవాళ్లం. నాకు ఆరు కనబడేవి, అమ్మకు ఎప్పుడూ ఏడు. శంషాబాద్‌కు విమానాశ్రయం దీపాలు వచ్చాక మా డాబా మీంచి ఒక్కటీ కనబడటం లేదు. అమ్మ పోయిన మరుసటి ఏడాది, ఆ చుక్కల లెక్కతోనే నా పుట్టినరోజు పట్టుకోవాలని పంతం పట్టాను. ఆఫీసులో రోజంతా కంప్యూటర్‌తో కుస్తీ పట్టేదాన్ని, ఇదెంత పని అనుకున్నాను.

నక్షత్రాల జాబితా ఫైలు ఒకటి దించుకున్నాను. చుక్కకో వరుస, వరుస నిండా అంకెలే. ఏ గడి నుంచి ఏ గడి దాకా కోయాలో చెప్పి, ప్రతి చుక్క స్థానాన్నీ బయటికి లాగే చిన్న ప్రోగ్రాం రాశాను. కమాండ్ కొట్టగానే అంకెలు గడగడా దిగాయి. వాటితో పదిహేను రోజులకొకటి చొప్పున ఏడాది పొడుగునా సాయంత్రపు ఆకాశం పటాలు ప్రింటు తీసి, గొప్పగా బాపు ముందు పరిచాను.

అక్షరం ముక్క రాని బాపు ఎండాకాలం పటంలో తేలు ఆకారపు చుక్కల దగ్గర ఆగాడు. "ఇది తేలే కద. బుద్వేల్ దిక్కు ఎందుకున్నది బిడ్డా? మహేశ్వరం దిక్కుండాలె." మాకు బుద్వేల్ ఉత్తరాన, మహేశ్వరం దక్షిణాన.

"కంప్యూటర్ తప్పెట్ల చెప్తది బాపూ" అన్నాను చిరాగ్గా.

"అయితే తేలే తొవ్వ తప్పింది" అన్నాడు.

వెళ్లి చూసుకుంటే తల కొట్టేసినట్టయింది. దక్షిణపు చుక్కల అంకెలకు ముందు మైనస్ గుర్తు విడిగా ఒక గడిలో ఉంది. నేను ఆ గడి వదిలేసి కోశాను. దాంతో దక్షిణాన ఉండాల్సినవన్నీ ఉత్తరానికి వలసపోయాయి.

సరిచేసి తెచ్చిన పటాల్లోంచి బాపు ఒకటి ఏరి పక్కన పెట్టాడు. జనవరి చివరిది. పిల్లలకోడి నడినెత్తిన ఉంది. అటూ ఇటూ ఓ వారం తేడాతో నా పుట్టినరోజు దొరికినట్టే. సంతోషం పట్టలేక ఆటపట్టించాను.

"గంత గడబిడల చుక్కలు చూసుకుంట కూసున్నవా బాపూ?"

ఆయన పటం మీంచి వేలు తీయలేదు. "మీ అమ్మ లోపల అరుస్తున్నది. మంత్రసాని నన్ను రానియ్యలే. ఇగ ఏం జెయ్యాల్నో తెల్వక, నువ్వు ఏడ్చేదాక పైకే చూసుకుంట నిలవడ్డ."

"అమ్మకెన్నడన్న చెప్పినవా?" అన్నాను.

"ఆమె అడగలే" అన్నాడు.

నాకు ఆ మాట అడగడానికి నలభై ఏళ్లు పట్టింది, అదీ ఎగతాళిగా.