వాగు ఒడ్డున వయ్యారిభామ

మా పక్క ఫ్లాట్ టీచరమ్మ పోయారని మొన్న బుధవారం కాకినాడ నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. షార్జా అల్ నహ్దాలో పదేళ్లు ఒకే గోడకి అటూ ఇటూ బతికాం. స్కూల్లో పిల్లలకి బయాలజీ చెప్పేవారు. కొత్తిమీర కట్టని కూడా విప్పి, ఆకు తిరగేసి చూడనిదే కొనేవారు కాదు. కొట్టతను "యల్లా టీచర్!" అని తొందరపెట్టినా సరే.

రాష్ట్రం విడిపోయిన ఏడు, బతుకమ్మకి మేం తెలంగాణ ఆడవాళ్లం పదిమందిమి ఫుజైరా వైపు ఒక వాగుకి వెళ్లాం. ఆవిడనీ పిలిచాం. తీసుకెళ్లిన పూలు చాలలేదు. ఎగువన ఒక తోట గోడ వెంట తెల్లటి పూలు విరగబూసి ఉంటే, నేనే సంచీ నిండా కోసుకొచ్చి గునుగు పూల బదులు పేర్చాను. మా ఊళ్లో అయితే దాన్ని చూడగానే ఆమడ దూరం తప్పుకునేదాన్ని. ఎడారిలో కనబడేసరికి పువ్వనుకున్నాను.

టీచరమ్మ ఒక కాడ తీసి చూశారు. "ఆకు క్యారెట్ ఆకులా చీలి ఉంది, కాడ మీద గీతలున్నాయి. వయ్యారిభామ అమ్మా ఇది, పాడు కలుపు మొక్క. మట్టితోనో ఎరువుతోనో వచ్చుంటుంది. ఆడుకోండి, కానీ నీళ్లలో మాత్రం వదలొద్దు. గింజలు వాగంతా పట్టేస్తాయి."

"నీళ్లల్ల వదలకుంటే అది బతుకమ్మెట్లైతది టీచరమ్మా? మా పండుగ మీకేమెరుక?" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బతుకమ్మని నా చేతులతోనే వదిలాను.

ఆ చలికాలం వానలు పడ్డాక పిల్లల్ని తీసుకుని మళ్లీ అక్కడికి వెళ్తే, మడుగు చుట్టూ పచ్చటి మొలకలు. వాటి మధ్య టీచరమ్మ గొంతుక్కూర్చుని, ఒక్కొక్కటీ వేళ్లతో సహా పీకి సంచిలో వేస్తున్నారు. అప్పటికే నెలరోజులుగా వస్తున్నారట. తోట కాపలా అతనికి వచ్చీరాని హిందీలో చెప్పి గోడ వెంట ఉన్నవీ తీయించారట. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"గ్లౌజులు కార్లో ఉన్నాయి, తెచ్చుకో. ఉత్త చేతులతో ముట్టుకుంటే దురద" అన్నారు, అంతే. "నేను చెప్పలేదా" అన్న మాట ఆ రోజూ అనలేదు, ఆ తర్వాత ఇద్దరం కలిసి వెళ్లిన ఏ శుక్రవారమూ అనలేదు.

"పూశాక ఎవరైనా గుర్తుపడతారు. పూయకముందు గుర్తుపట్టాలి" అనేవారు. పూశాక కూడా గుర్తుపట్టని దాన్ని నేను! ఇంకో మొలక వెతికి పీకేదాన్ని. క్షమించమని అడగాలని ఎన్నిసార్లో అనుకున్నాను. ఆవిడ రిటైరై వెళ్లిపోయేదాకా అడగలేదు, ఫోన్లోనూ అడగలేదు.

నిన్న శుక్రవారం ఒక్కదాన్నే ఆ వాగుకి వెళ్లాను. ఆవిడ పేరు చెప్పుకుని నాలుగు మొక్కలైనా పీకాలనుకున్నాను. మడుగు చుట్టూ గంటసేపు వెతికాను. గన్నేర్లు పూసి ఉన్నాయి, మేకలు నీళ్లు తాగుతున్నాయి. వయ్యారిభామ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుని ఏడ్చాను.