పట్టాయాలో బారు పెట్టబోయి ఆకివీడు వెళ్ళొచ్చాం

మా ఆయన గ్లాసులో మజ్జిగ తప్ప ఇంకేదీ పోసుకుని ఎరగరు. తాడేపల్లిగూడెం మార్కెట్లో ముప్పై ఏళ్ళు ఉల్లిపాయల హోల్‌సేల్ చేశారు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, "మనం పట్టాయాలో బారు పెడుతున్నాం" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు నిజంగా భయం వేసింది. కిందటేడు గోడౌను అమ్మగా వచ్చిన సొమ్ము బ్యాంకులో ఉంది, మాకు మిగిలింది అదే. ఆయనతో డిగ్రీ చదివిన స్నేహితుడు పదేళ్ళుగా థాయిలాండులో ఉంటున్నాడు. మనవాళ్ళు అక్కడికి తెగ వస్తున్నారనీ, పెసరట్టూ బీరూ ఒకేచోట దొరికే షాపు ఒక్కటీ లేదనీ ఫోన్లో ఊదరగొట్టాడు. సోమవారం లోపల అడ్వాన్సు పంపాలట! అక్కడ బారు నడిపినవాళ్ళని ఒక్కరినైనా అడిగి పంపుదామని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. నాలుగైదు ఫోన్లు చేస్తే ఆకివీడు దగ్గర వర్మగారని ఒకాయన తేలారు. ఆరేళ్ళు పట్టాయాలో బారు నడిపి, తిరిగొచ్చి చేపల చెరువులు చూసుకుంటున్నారు. శనివారం బయలుదేరాం. ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళకి పనికొస్తుందని ఆ రోజు సంగతులు రాస్తున్నాను.

ఏడు గంటల ప్రాంతంలో పాసింజరు ఎక్కితే గంటలో ఏలూరు. టికెట్టు మనిషికి ఇరవై రూపాయల లోపే. స్టేషను దగ్గర ఇడ్లీ తిని, తెలిసిన ఆడిటరు గారింటికి వెళ్ళాం. ఆయన చెప్పింది మీరూ రాసుకోండి. మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశానికి పంపుకోవచ్చు. పది లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తం మీద ఇరవై శాతం పన్ను బ్యాంకు ముందే పట్టుకుంటుంది. రిటర్ను వేసేటప్పుడు దాన్ని సర్దుకోవచ్చు. అయితే కంపెనీలో వాటా కొనేటప్పుడు స్నేహితుడి ఖాతాలో వేసేసి ఊరుకుంటే కుదరదు, పెట్టుబడి ఫారం నింపి బ్యాంకు ద్వారానే పంపాలి. "మావాడు తన ఖాతాకే వెయ్యమన్నాడండీ" అన్నారు మా ఆయన. "వెయ్యమనే అంటారండీ" అన్నారు ఆడిటరు గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఫీజు తీసుకోలేదు, పైగా కాఫీ ఇచ్చి పంపారు.

ఏలూరు నుంచి కారు మాట్లాడుకున్నాం. కైకలూరు మీదుగా ఆకివీడు వెళ్ళి, సాయంత్రం భీమవరం మీదుగా మమ్మల్ని తాడేపల్లిగూడెంలో దింపడానికి మూడువేల ఐదొందలు. డ్రైవరు మాటకారి. ఊరు దాటగానే, "పక్షులు చూడ్డానికాండీ?" అని అడిగాడు. "కాదు బాబూ, బారు సంగతి కనుక్కోడానికి" అన్నాను. "బార్లు ఏలూర్లోనే బోల్డున్నాయి కదండీ, ఇంత దూరం ఎందుకండీ!" అన్నాడు. నేను ఘొల్లున నవ్వాను. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కొల్లేటి మధ్యలోంచి వెళ్ళే రోడ్డు అది. అటూ ఇటూ నీళ్ళు, గట్ల మీద గూడబాతులు, ఎదురుగా ఐసు నీళ్ళు కారుస్తూ వచ్చే చేపల లారీలు. శీతాకాలంలో వెళ్ళేవాళ్ళు కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రంలో గంటసేపు ఆగండి. మాకు అంత తీరిక లేదు. పదకొండున్నరకి వర్మగారింటి ముందు దిగాం.

వర్మగారి భార్య గుమ్మంలోనే, "మీరు నీచు ముట్టరని విన్నామండీ. పొయ్యి కడిగి, కొత్త గిన్నెల్లో వండాను. ఏమీ అనుకోకండి" అన్నారు. ముక్కూ మొహం తెలియని మాకోసం కొత్త గిన్నెలు! దోసకాయ పప్పు, వంకాయ వేపుడు, చారు. ఆవిడ చేతి పప్పు రుచి ఇంకా మర్చిపోలేదు. వర్మగారు తింటూనే ఖర్చులన్నీ చెప్పారు. "లైసెన్సు పెద్ద ఖరీదు కాదండీ. మందు అమ్మడానికి ఏడాదికి కట్టేది అక్కడి డబ్బులో కొద్ది వేల బాట్లు. దానికి ముందున్నవే చంపేత్తాయి. షాపు తీసుకోవాలంటే పాతవాడికి గుడ్‌విల్లని కొంత సొమ్ము, ఓనరుకి డిపాజిట్టు. కంపెనీ పెట్టాలి. మీకు అక్కడ పనిచేసే పర్మిట్టు కావాలంటే ఇరవై లక్షల బాట్లు మూలధనం, నలుగురు థాయి ఉద్యోగులు ఉండాలి. మన లెక్కలో యాభై లక్షల పైమాటేనండీ. పర్మిట్టు లేకుండా మీ బార్లో మీరే గ్లాసు అందించినా తప్పే, ఆయ్." చివరి మాటకి మా ఆయన ముద్ద ఆపేశారు. "అన్నిటికంటే ముఖ్యం, కంపెనీలో సగానికి పైగా వాటా అక్కడివాళ్ళదే అయ్యుండాలండీ" అన్నారు వర్మగారు.

"దానికి ఇబ్బంది లేదండీ, మావాడు చూసేశాడు" అన్నారు మా ఆయన హుషారుగా. "వాళ్ళింట్లో పనిచేసే థాయి ఆవిడ పేరున పెట్టేస్తాడట. చాలా నమ్మకస్తురాలట. పేరు ఆవిడది, వ్యాపారం మనది."

వర్మగారు చారు కలుపుతున్న చెయ్యి విస్తరి మీంచి తీసేశారు. మెల్లగా అన్నారు, "నేనూ అదే చేశానండీ. ఇక్కడ మా చెరువులు అలాగే కదా నడిచేది. పట్టా ఒకరిది, చెరువు చేసేది ఇంకొకరు. కాగితం ఉండదు, మాట మీద నడిచిపోద్ది. మా నాన్నగారూ అలాగే చేశారు. అక్కడా అంతే అనుకుని, అక్కడి మా వంటావిడ పేరున వాటా పెట్టాను. నన్ను నమ్మి చూపించిన చోటల్లా సంతకం పెట్టేసింది. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే అక్కడ ఇద్దరిదీ నేరమేనండీ, ఎవరో ఫిర్యాదు చేశారు. ఇంత వాటా కొనడానికి నీకు డబ్బెక్కడిదని ఆవిడని పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టి అడిగారు. ఏం చెప్తుందండీ? ఇద్దరు పిల్లల తల్లి. పొద్దున్నించి సాయంత్రం దాకా నా పేరు చెప్పలేదు. నేను ఆ రోజు వెళ్ళలేదండీ. భయమేసి రూములో తలుపేసుకుని కూర్చున్నాను. మర్నాడు వెళ్ళి, అంతా నాదేనని ఒప్పుకున్నాను. జరిమానా కట్టి, బారు మూసేసి వచ్చేశాను. ఆవిడ మాత్రం ఏడాది పాటు కోర్టు చుట్టూ తిరిగింది."

పెరుగు గిన్నెతో వచ్చిన ఆయన భార్య అక్కడే నిలబడిపోయారు. "కరోనా వల్ల మూసేశానన్నారు కదండీ నాతో" అన్నారు. "నీకు ఏ మొహంతో చెప్పమంటావు?" అన్నారాయన. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు సొంత భార్యకే చెప్పుకోలేని మాట, గంట క్రితం పరిచయమైన మాకు ఆ మనిషి ఎందుకు చెప్పాలి? ఖర్చులు చెప్పి, అన్నం పెట్టి పంపేసినా మేం దణ్ణం పెట్టే వచ్చేవాళ్ళం. వర్మగారి భార్య ఆయన విస్తట్లో పెరుగు వేశారు. "ఆ వంటావిడ ఇప్పుడెలా ఉందో కనుక్కోండి ముందు" అని మాత్రం అన్నారు.

మా ఆయన చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వెళ్ళి స్నేహితుడికి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టారు, నాకు వినపడాలనే అనుకుంటాను. "ఒరేయ్, మీ పనావిడకి ఇదేమిటో చెప్పావా?" అని అడిగారు. "ఆవిడకెందుకురా చెప్పడం? పెట్టమన్నచోట సంతకం పెడుతుంది" అన్నాడతను. మా ఆయన ఫోన్ కట్ చేసి, చెప్పులు విడిచి లోపలికొచ్చి, తనకంటే చిన్నవాడైన వర్మగారికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈయన మీద ఇంత గౌరవం నాకెప్పుడూ కలగలేదు. ఈ ముక్క ఆయన చదువుతారని తెలిసే రాస్తున్నాను.

సోమవారం వచ్చింది, వెళ్ళింది. మా సొమ్ము బ్యాంకులోనే ఉంది. చుట్టాలందరూ "గండం గడిచింది, డబ్బు దక్కింది" అంటున్నారు. దక్కిన మాట నిజమే, దానికి వర్మగారికి జన్మంతా రుణపడి ఉంటాం. కానీ నా ఆలోచన పట్టాయాలో ఉన్న ఆ పనావిడ మీదికే పోతోంది. ఆవిడ పేరు కూడా మాకు తెలియదు. ఆ శనివారం కూడా అంట్లు తోముకుని, పిల్లలుంటే వాళ్ళకి అన్నం పెట్టుకుని పడుకునే ఉంటుంది. మా వల్ల ఆవిడకి ఏం జరగబోయిందో ఎప్పటికీ తెలియదు, తెలియకపోవడమే మేలు. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒకటే సలహా. అడ్వాన్సు పంపేముందు, అక్కడ మీతో వాటా కలుస్తున్న మనిషి సొంత డబ్బు పెడుతున్నట్టు బ్యాంకు కాగితం అడగండి. మీరే ఫీజిచ్చి పెట్టుకున్న లాయరు చేత దాన్ని చదివించండి. కాగితం లేదంటే ఫోన్ పెట్టేయండి.