పెద్దమ్మ చూడని తిమింగలం

మా పెద్దమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇంట్లోనూ నర్సే. తాతయ్య పక్షవాతం, మా అమ్మ కాన్పులు, మామయ్య విరిగిన కాలు: ఆమె సెలవులన్నీ వీటికే సరిపోయాయి. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లతో, డ్యూటీ మార్చుకునే మనిషి దొరకలేదనేది.

రిటైరయ్యాక, వలస వెళ్లే తిమింగలాలను చూపిస్తూ వాటి గురించి పాఠాలు చెప్పే ఒక చిన్న యాత్రలో చేరింది. తనకోసం తను చేసిన మొదటి ప్రయాణం అది. బయల్దేరేటప్పుడు అమ్మ హెచ్చరించింది.

"అక్కా, నర్సునని నోరు జారకు. టైలర్నని చెప్పు. పడవలో బట్టలు కుట్టమని ఎవరూ అడగరు."

పరిచయాలప్పుడు పెద్దమ్మ అలాగే చెప్పింది. గైడు పాఠం శ్రద్ధగా వింది. పడవ ముక్కు పన్నెండు గంటలట, కుడిపక్క మూడు, ఎడమపక్క తొమ్మిది. ఎటు తిమింగలం లేస్తే ఆ గంట అరవాలి.

సముద్రంలోకి వెళ్లాక, పక్కన కూర్చున్న రిటైర్డ్ ఆఫీసరు ఒకాయన వాంతి చేసుకుని ఒరిగిపోయాడు. పెద్దమ్మ వేళ్లు వాటంతటవే ఆయన మణికట్టు మీదకు వెళ్లాయి. కళ్లు గడియారం మీదకు. గైడు చూడనే చూశాడు.

"మీరు నర్సు కదూ? నాడి పట్టుకోవడంలోనే తెలిసిపోయింది. కాస్త కిందకి తీసుకెళ్లి పడుకోబెట్టండమ్మా."

కింద ఇరుకు గది, ఒక బకెట్టు, ఎడమ గోడకు గుండ్రటి కిటికీ. కాసేపటికి పైనుంచి "మూడు గంటలు!" అన్న కేక వినబడింది. అడుగులన్నీ కుడివైపు పరుగెత్తాయి. పడవ అటు ఒరిగింది. కిటికీ నిండా ఆకాశమే మిగిలింది. పెద్దమ్మ లేవబోయింది.

"వెళ్లకండి సిస్టర్," అని ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆయనకు ఏ ప్రమాదమూ లేదని ఆమెకు తెలుసు. అయినా కూర్చుండిపోయింది. పైన మాటలు ఆగాయి. ఏదో పెద్ద ప్రాణి బరువుగా ఊపిరి వదిలింది. పెద్దమ్మకు దక్కింది ఆ చప్పుడొక్కటే.

ఒడ్డుకు చేరేసరికి ఆఫీసరు తేరుకుని, ఎవరి ఫోనులోనో వీడియో చూస్తున్నాడు. భలే ఉంది, మీరూ చూడండి సిస్టర్ అన్నాడట. ఆమె చూడలేదు.

గైడు చేతులు జోడించాడు. "వచ్చే ఏడాది మా నర్సుగా రండమ్మా. టిక్కెట్టు అక్కర్లేదు."

"టిక్కెట్టు కొనుక్కుంటాను. నర్సుని ఒడ్డునే వదిలేసి వస్తే రానిస్తారా?" అంది పెద్దమ్మ.

అతను హాస్యమనుకుని గట్టిగా నవ్వాడట.